రియల్ ఎస్టేట్ పెట్టుబడికి డిగ్రీ కావాలా? ముందు దారి తేల్చుకోండి

సొంత డబ్బుతో ఇల్లు కొని అద్దెకివ్వాలంటే డిగ్రీ అక్కర్లేదు. అమ్మేవాళ్లెవరూ మీ సర్టిఫికెట్లు అడగరు. పెట్టుబడి సంస్థలోనో, బ్యాంకులోనో అనలిస్టుగా చేరాలంటే మాత్రం ఫైనాన్స్, అకౌంటింగ్ లాంటి డిగ్రీ లేకపోతే దరఖాస్తు తొలి వడపోతలోనే ఆగిపోవచ్చు.

ఏ దారైనా ఈ లెక్క చేతికి రావాల్సిందే. ఏడాది అద్దె 100 అనుకోండి. ఇల్లు ఖాళీగా ఉండే రోజులకు 8, పన్ను, బీమా, మరమ్మతులు, నిర్వహణకు 32 తీసేస్తే మిగిలేది 60. ధర 1,000 అయితే రాబడి 6 శాతం. కొత్తవాళ్లు ఖర్చులు వదిలేసి 10 శాతం అనుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. అప్పు వాయిదాలు ఏడాదికి 50 ఉన్నాయనుకుందాం. ఇల్లు రెండు నెలలు ఖాళీ పడితే ఆ 8 కాస్తా దాదాపు 17 అవుతుంది. వాయిదాలు కట్టాక మిగిలేది ఒక్కటే! ఆ ఏడాది మోటారు కాలిపోయినా జేబులోంచి పెట్టుకోవాలి.

కాలేజీలో ఉంటే అకౌంటింగ్, ఆస్తి చట్టం, స్ప్రెడ్‌షీట్ మోడలింగ్ (ఎక్సెల్ లాంటి వాటిలో ఇలాంటి లెక్కలు కట్టడం) తప్పక తీసుకోండి. లేనివాళ్లు అమ్మకానికున్న ఇళ్లను వారానికి ఐదు చొప్పున ఇదే లెక్కలో వేసి చూడండి. హక్కు పత్రాల పరిశీలన మాత్రం, ఎంత చదివినా, లాయరుకే అప్పగించండి. కేవలం అద్దె ఇళ్ల కోసమే అయితే, అప్పు చేసి డిగ్రీ చదవొద్దు. ఆ వాయిదాలు చూసి బ్యాంకు మీకిచ్చే ఇంటి రుణం మొత్తాన్ని తగ్గించవచ్చు.