లైసెన్స్ ముద్ర కాదు, డొమైన్ చూడండి

జూదం సైట్ల అడుగున లైసెన్స్ ముద్ర ఉంటుంది గానీ, అది నిజమో అతికించిన బొమ్మో చూడగానే తెలీదు. డబ్బు వేసే ముందే ఇలా చూసుకోండి.

పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉండే కంపెనీ పూర్తి పేరు, లైసెన్స్ నంబర్, అది ఇచ్చిన సంస్థ పేరు రాసుకోండి. ముద్ర మీద నొక్కి వెళ్లొద్దు, ఆ లింకు నకిలీ పేజీకే తీసుకెళ్లొచ్చు. ఆ లైసెన్స్ ఇచ్చిన నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌ను మీరే విడిగా తెరిచి, అక్కడి రిజిస్టర్‌లో, అంటే లైసెన్స్ పొందిన కంపెనీల జాబితాలో వెతకండి. బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్, మాల్టా గేమింగ్ అథారిటీ రిజిస్టర్లు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

పేరు దొరికిందని ఆగిపోకండి. మోసగాళ్లు అసలు కంపెనీ పేరు, నంబర్ ఉన్నదున్నట్టు ఎత్తేసి, డొమైన్‌లో, అంటే సైట్ అడ్రస్‌లో మాత్రం ఒక గీతనో అంకెనో కలుపుతారు. బ్రిటన్ రిజిస్టర్‌లో ప్రతి కంపెనీ కింద దాని డొమైన్ల జాబితా ఉంటుంది. మీ అడ్రస్ బార్‌లో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా అందులో కనిపించాలి. లేకపోతే అక్కడితో వదిలేయండి. తర్వాత స్టేటస్ చూడండి: యాక్టివ్ అని ఉండాలి. సస్పెండెడ్ (తాత్కాలికంగా ఆపేసింది), సరెండర్డ్ (కంపెనీయే వదులుకుంది), రివోక్డ్ (రద్దయింది) అని ఉంటే వద్దు. కొన్ని సైట్లు మామూలు కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్‌నే లైసెన్స్‌లా చూపిస్తాయి. అదీ లెక్కలోకి రాదు.

ఒక్క జాగ్రత్త. ఒక దేశం ఇచ్చిన లైసెన్స్ ఇంకో దేశంలో అనుమతి కాదు. మీరున్న చోట చట్టం ఆన్‌లైన్ జూదాన్ని ఒప్పుకోకపోతే, రిజిస్టర్‌లో అన్నీ సరిపోయినా ఆ సైట్ మీకు పనికిరాదు.