లాన్ పసుపెక్కితే ముందు నెల చూడండి

తిరుపతిలో ఇంటి ముందర కాస్త లాన్ పెంచుకునేవాళ్లం, గడ్డి రంగు మారగానే ఎరువుల అంగడికి పోయి యూరియా తెచ్చేస్తాం. ఆ పసుపు రంగుకు మే నెలలో కారణం ఒకటి, నవంబరులో ఇంకొకటి. మనం వేసే గరిక, మెక్సికన్ గడ్డి రెండూ వేడికి అలవాటుపడ్డ జాతులే అయినా, ఎదుగుతున్న రోజుల్లో వేసిన ఎరువే వాటికి ఒంటబడుతుంది.

ఎరువు చల్లిన మూడో రోజుకు మచ్చలుగా మాడింది

ఇది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో జరుగుతుంది. మొదటి ఏడాది నేను రోహిణి కార్తెలో, ఎండ ఎక్కాక, పిడికిలితో యూరియా విసిరాను. మూడో రోజుకు చేయి తిరిగిన మేరకు కొడవలి ఆకారంలో గడ్డి ఎండిపోయింది. మచ్చ నడుమ పట్టి లాగితే వేరుతో సహా ఊడొచ్చింది. అంచుల్లో మాత్రం వేరు తెల్లగా, గట్టిగా ఉంది.

ఎరువు కుప్పగా పడ్డచోట గాఢత పెరిగి, వేరులోని తడిని బయటికి లాగేస్తుంది. అసలే ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు గడ్డి ప్రాణం నిలుపుకునే పనిలో ఉంటుంది. ఇలా జరిగితే ఆ చోట రెండు మూడు రోజులు నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టండి. గరిక భూమిలోని కాడల నుంచి మళ్లీ చిగురిస్తుంది. మెక్సికన్ గడ్డికి ఓపిక కావాలి, బాగా పోయినచోట ముక్కలు తెచ్చి నాటాల్సిందే.

ఏప్రిల్ సగం నుంచి మృగశిర జల్లు పడేదాకా నేనిప్పుడు ఎరువు ముట్టను. ఆ తర్వాత మొదటి దఫా, ఆగస్టు చివర రెండోది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి 100 చదరపు అడుగులకు 80 గ్రాములు చాలు, 100 దాటనివ్వకండి. తూకం వేసి, ఇసుకలో కలిపి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి. సాయంత్రం, ఆకు పొడిగా ఉన్నప్పుడు చల్లి, వెంటనే నీళ్లు పెట్టాలి.

జూలైలో ఏపుగా పెరిగి, కోసిన చోట తెల్లబడింది

యూరియా ఎక్కువైంది. ఒక దఫా మానేయండి. ఒకేసారి పొట్టిగా కోయకుండా, ప్రతిసారీ ఆకు ఎత్తులో మూడో వంతు మాత్రమే తీయండి.

ముసురు పట్టాక పాలిపోయింది

వేరే ఊళ్లకు రాసిన ఎరువుల పట్టికలు మనకు పనికిరానిది ఇక్కడే. తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు వరద ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఆ వానల ముందు చల్లిన యూరియా కాలువలో కలిసిపోతుంది. పైగా నీళ్లు నిలిచిన నేలలో వేరుకు గాలి ఆడదు. ఎరువు ఉన్నా అందుకోలేదు.

కింది ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని చాలలేదని అర్థం. అయినా ముందు నీళ్లు బయటికి పోయే దారి చూడండి. నేల గట్టిపడి ఉంటే ఇనుప ముళ్ల పారతో అక్కడక్కడా పొడవండి. అడుగు వేస్తే నీళ్లు ఊరని రోజున 100 చదరపు అడుగులకు 50 గ్రాముల యూరియా చల్లండి. సెప్టెంబరు చివర 100 చదరపు అడుగులకు 40 గ్రాముల పొటాష్ వేసిన ఏడాది మా గడ్డి ముసురును బాగా తట్టుకుంది.

ధనుర్మాసంలో ఎదుగుదల ఆగింది

జబ్బేమీ కాదు, చలి రాత్రులకు గడ్డి నెమ్మదిస్తుంది. పలమనేరు వైపు చలి ఎక్కువ కాబట్టి ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఫిబ్రవరి చివరిదాకా ఆగి, 100 చదరపు అడుగులకు 50 గ్రాముల యూరియాతో మొదలుపెట్టండి.

లేత ఆకు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ

ఇది ఏ నెలలోనైనా రావచ్చు, యూరియాతో తగ్గదు. ఇనుము అందడం లేదు. ఏళ్ల తరబడి సున్నం ఎక్కువున్న గట్టి బోరు నీళ్లు పారించిన నేలలో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదు. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, అప్పటికప్పుడే సాయంత్రం పిచికారీ చేయండి. వారం పది రోజులకు ఇంకోసారి. పక్కన టైల్స్ ఉంటే ముందే ప్లాస్టిక్ పట్టా కప్పండి, ఆ తుప్పు మరక ఒకసారి పడితే అంత సులువుగా పోదు.