వేసవి సెలవుల్లో గిటార్ మొదలుపెడుతున్నారా? స్కేల్స్ పట్టే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఏప్రిల్ ఆఖర్లో బడులకు సెలవులు ఇచ్చారంటే చాలు, బెజవాడ సందుసందునా సమ్మర్ క్లాసుల బోర్డులు లేస్తాయి. ఈత, కరాటే, కీబోర్డ్, గిటార్. జూన్‌లో బడి తెరిచేలోపు ఏదో ఒకటి వచ్చేయాలని ఇంట్లోవాళ్ల తొందర. మొదటి వారంలోనే పాట వాయించేయాలని పిల్లల తొందర. ఈ రెండు తొందరలూ కలిసి చివరికి పడేది ఎడమచేతి వేళ్ల మీద. పైగా ఎండాకాలం, గిటారేమో చెక్క. కొత్తగా స్కేల్స్, అంటే స్వరాల వరుసలు, పట్టేవాళ్లకూ, వాళ్లకు గిటార్ కొనిపెట్టేవాళ్లకూ అందుకే ఈ నాలుగు మాటలు.

గిటార్ బీసెంట్ రోడ్డు వైపు వెళ్లి కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందు చూడాల్సింది తీగల ఎత్తు. గిటార్ నెక్ (పొడుగు కాడ) మీద అడ్డంగా ఉండే కమ్మీలే ఫ్రెట్లు. పన్నెండో ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైనుంచి లావు తీగ అడుగు దాకా కొలవండి. మూడు మిల్లీమీటర్లు బాగా దాటితే కొత్తవాళ్ల వేళ్లకు అది శిక్షే. సెట్ చేసి ఇమ్మని షాపువాళ్లను అడగండి, మొహమాటపడొద్దు. పిల్లలు చిన్నవాళ్లయితే త్రీ ఫోర్త్ సైజు, నైలాన్ తీగలు మేలు. పెద్దవాళ్లు స్టీల్ తీగల గిటారే కావాలనుకుంటే సన్నవి, అంటే 10 లేదా 11 సెట్టు (నంబరు తగ్గేకొద్దీ తీగ సన్నం), వేయించుకోండి. ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయకండి: నైలాన్ తీగలకోసం చేసిన క్లాసికల్ గిటార్‌కు శబ్దం బాగా వస్తుందని స్టీల్ తీగలు బిగించడం. నైలాన్ సెట్టు మొత్తం లాగే బలం సుమారు 40 కిలోలు. మామూలు 12 స్టీల్ సెట్టు 70 కిలోల పైనే లాగుతుంది. బ్రిడ్జి, అంటే గిటార్ పొట్ట మీద తీగలు కట్టే చెక్కపట్టీ, ఊడి చేతికొస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక పలచటి చెక్క సంగతి చెప్పేదేముంది. గిటార్‌కు 45 నుంచి 55 శాతం మధ్య తేమ ఉంటే హాయి. మన దగ్గర మే నెలలో ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది, తలుపు తీస్తే కృష్ణ మీది ఉక్క. రోజూ అటూ ఇటూ తిప్పితే చెక్క ముడుచుకోవడం, ఉబ్బడం, దాంతోపాటు శ్రుతి తప్పడం. ఏ గదిలో వాయిస్తారో ఆ గదిలోనే బ్యాగులో పెట్టి ఉంచండి. ఏసీ గాలి, కూలర్ గాలి నేరుగా తగలకూడదు. కూలర్ మరీ ప్రమాదం, అది తడిగాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలేయడం. "పది నిమిషాల్లో వచ్చేస్తాం కదా" అని బెంజి సర్కిల్ దగ్గర దిగి వెళ్తే, ఆ పది నిమిషాలు అరగంటవుతుంది. లోపల వేడికి జిగురు మెత్తబడితే తీగల లాగుడుకి బ్రిడ్జి పైకి లేస్తుంది. క్లాసుకు బండి మీద వెళ్లేవాళ్లు పొద్దున్నో సాయంత్రమో బ్యాచ్ అడిగి పెట్టించుకోండి.

చెమట ఇంకో తలనొప్పి. చెమట చేత్తో వాయించి అలాగే వదిలేస్తే స్టీల్ తీగలు త్వరగా తుప్పు పడతాయి. తుప్పు తీగ వేలిని గీస్తుంది కూడా. వాయించే ముందు చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి, అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగలు తుడవండి. పాత లుంగీ ముక్క చాలు. వేళ్లు జారుతున్నాయని పౌడర్ రాసుకోవద్దు, అది తీగల్లో జిడ్డుగా పేరుకుంటుంది.

ఇక వేళ్లు. మొదటి రెండు మూడు వారాలు వేలికొసలు మండుతాయి, ఎర్రగా గీతలు పడతాయి. అది మామూలే, తర్వాత చర్మం గట్టిపడి కాయలు కాస్తాయి. కాకపోతే ఆ కాయలు కాసేదాకా ఓపిక పట్టాలి. గంటసేపు ఏకబిగిన కూర్చోవడం కన్నా పావుగంట చొప్పున రోజుకు రెండు మూడు సార్లు మంచిది. స్నానం చేసిన వెంటనే చర్మం మెత్తగా నాని ఉంటుంది, అప్పుడు పట్టుకుంటే బొబ్బ లేవడం ఖాయం. అరగంట ఆగండి. లేచిన చర్మాన్ని పీకకండి. ఎడమచేతి గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. గోరు తగిలితే వేలు పక్కకు వాలిపోతుంది, పక్క తీగ మూగబోతుంది.

ఇక్కడ మన ఊళ్లకే చెందిన జాగ్రత్త ఒకటి ఉంది. ఈ సెలవులే ఆవకాయ రోజులు. తీగలు నొక్కేది ఎడమ చెయ్యి కాబట్టి అన్నం కలుపుకోవడానికి ఇబ్బందేమీ ఉండదు. కానీ అమ్మమ్మ జాడీ ముందు కూర్చోబెట్టి "రెండు చేతులా కలపరా" అందనుకోండి, పచ్చి వేలికొసల్లోకి గుంటూరు కారం దిగితే ఆ రోజుకి స్కేలూ లేదు, నిద్రా లేదు. ముక్కలు తుడిచే పని అడిగి తప్పించుకోండి.

వేలికొస మంట ఒకటి, మణికట్టు నొప్పి ఇంకొకటి. రెండింటినీ కలపొద్దు. మణికట్టులో, ముంజేతిలో, బొటనవేలి మొదట్లో నొప్పి వస్తున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా అక్కడికక్కడే ఆపాలి. "నొప్పి వస్తే వస్తుంది, వాయించు" అనే మాస్టారి మాట ఈ విషయంలో వినొద్దు. రెండు మూడు రోజులు విశ్రాంతి ఇచ్చినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. చాలాసార్లు కారణం కూర్చునే తీరే. మంచం మీద మఠం వేసుకుని, గిటార్ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని ఫ్రెట్లలోకి తొంగి చూస్తుంటారు. మణికట్టు అప్పుడు పూర్తిగా మడత పడుతుంది. ఇంట్లో ఉండే చేతుల ప్లాస్టిక్ కుర్చీ కూడా పనికిరాదు, గిటార్ దాని చేతికి తగులుతుంది. చేతులు లేని కుర్చీయో, స్టూలో వేసుకోండి. నెక్ కొంచెం పైకి చూడాలి. బొటనవేలు నెక్ వెనక తేలిగ్గా ఆనాలి, పిండకూడదు.

ఎంత బలంగా నొక్కాలో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఒక స్వరం వాయిస్తూ వేలి బలం కొంచెం కొంచెంగా తగ్గించండి. తీగ బర్రుమన్న చోట ఆగి, మళ్లీ రవ్వంత పెంచండి. ఆ బలం చాలు. ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకవైపు నొక్కితే ఇంకా తక్కువలో పని అయిపోతుంది. కమ్మీ మీదే పెడితే స్వరం మూసుకుపోతుంది, దూరంగా పెడితే బర్రుమంటుంది.

స్కేల్స్‌కి వద్దాం. మొదటిది సి మేజర్, ఓపెన్ తీగల (వేలు నొక్కకుండా ఖాళీగా మోగే తీగల) దగ్గరే. సన్నతీగ ఒకటోది, లావుది ఆరోది అనుకుని లెక్కపెట్టండి. ఐదో తీగ మూడో ఫ్రెట్. నాలుగో తీగ ఖాళీగా, తర్వాత రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్. మూడో తీగ ఖాళీగా, రెండో ఫ్రెట్. రెండో తీగ ఖాళీగా, ఒకటో ఫ్రెట్. ఎనిమిది స్వరాలు అయిపోయాయి. ఎన్నో ఫ్రెట్టో అదే నంబరు వేలు: ఒకటికి చూపుడు వేలు, రెండుకు మధ్యవేలు, మూడుకు ఉంగరపు వేలు. చిటికెన వేలుకు ఇందులో పని లేదు, అదే దీని సుఖం. వీడియోల్లో చూసి ఒకటో ఫ్రెట్ దగ్గరే నాలుగు వేళ్లూ చాపే వ్యాయామం మొదలుపెట్టకండి. అక్కడ ఒక్కో గడి దాదాపు 36 మిల్లీమీటర్లు, ఐదో ఫ్రెట్ దగ్గరకు వచ్చేసరికి 29. నాలుగు వేళ్ల వ్యాయామం ఐదో ఫ్రెట్ దగ్గర చేయండి. ఎ మైనర్ పెంటటానిక్ అనే ఐదు స్వరాల స్కేల్ కూడా ఐదో ఫ్రెట్ దగ్గరే ఉంటుంది కాబట్టి రెండో నెలకు చెయ్యి సిద్ధంగా ఉంటుంది.

వేగం విషయంలో మన సంగీతం క్లాసుల పద్ధతే నాకు నచ్చుతుంది. సరళీ వరుసలు (మొదటి స్వర పాఠాలు) మూడు కాలాల్లో పాడిస్తారు కదా, స్కేల్ కూడా అలాగే. మెట్రోనోమ్ (తాళం దెబ్బలు కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి దెబ్బకు ఒక స్వరం. అది తడబాటు లేకుండా ఎక్కి దిగడం వచ్చాకే దెబ్బకు రెండు, ఆ తర్వాతెప్పుడో నాలుగు. పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) కిందికి, పైకి, కిందికి, పైకి. తప్పు పడితే మొదటినుంచి పరిగెత్తకుండా, తప్పిన ఆ రెండు స్వరాలనే నిదానంగా పదిసార్లు చూసుకోండి. వేళ్లు తప్పుని కూడా ఒప్పులాగే నేర్చుకుంటాయి. పక్కింటి పిల్లాడు వారంలో 120 మీద వాయిస్తున్నాడని వింటే వినండి, టెన్షన్ పడకండి. స్వరస్వరమూ విడిగా వినిపిస్తోందా అని ఒకసారి చెవి పెట్టి చూడండి, చాలు. ఎక్కడం దిగడం విసుగు పుడితే జంట స్వరాలు (ఒక్కో స్వరం రెండుసార్లు), దాటు వరుసలు (స్వరాలు దాటుకుంటూ) అదే స్కేల్ మీద వాయించండి. ఇంతకన్నా మంచి వ్యాయామం ఏ యాప్‌లోనూ చూడలేదు.

ఘంటసాల సంగీత కళాశాలలోనో, ఇంటి దగ్గర టీచరు దగ్గరో గాత్రం నేర్చుకుంటున్న పిల్లలకు ఒక చిక్కు వస్తుంది. వాళ్లు సరళీ వరుసలు పాడేది మాయామాళవగౌళ రాగంలో. మేజర్ స్కేల్ స్వరస్థానాలేమో శంకరాభరణ రాగానివి. గ, మ, ప, ని ఒకటే, రి, ధ వేరు. పాడుతూ వాయిస్తే రి దగ్గర గొంతు ఒకటి, గిటార్ ఒకటి అంటాయి. పిల్లకు చెవి లేదని తిట్టకండి, తేడా ఎక్కడుందో చూపించండి. ఆరోహణ శంకరాభరణంలో పాడించి వాయించమంటే ఇట్టే సర్దుకుంటుంది.

శ్రుతి చేసేటప్పుడు ముఖం తీగలకు దూరంగా ఉంచండి. ఫోన్ ట్యూనర్ ఏ తీగనో పొరబడి చూపిస్తుంటే సన్నతీగను బిగిస్తూ పోతారు, అది టప్పున తెగి కంటికి తగలొచ్చు. తీగ కొసలు కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించండి, చిన్నపిల్లలున్న ఇంట్లో మరీ ముఖ్యం.

ఎలక్ట్రిక్ గిటార్ అయితే ఆంప్‌కు (శబ్దం పెంచే పెట్టెకు) మూడు పిన్నుల ప్లగ్గే వాడాలి, ఎర్త్ పిన్ను తీసేసే రెండు పిన్నుల అడాప్టర్లు వద్దు. తీగలు ముట్టుకుంటే జివ్వుమంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మే నెలలో సాయంత్రాలు ఈదురుగాలి లేచి ఉరుములు మొదలైతే ప్లగ్గు పీకేయండి.

బడి తెరిచాక గిటార్ బీరువా మీదికి ఎక్కడం మామూలే. ఎక్కించేముందు తీగలన్నీ ఒక అర స్వరం మేర వదులు చేయండి, పూర్తిగా విప్పొద్దు. వానాకాలం తేమకు బ్యాగులో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి తీసి చూడండి. బీరువా ఎక్కనీయకుండా ఉంచగలిగితే మాత్రం హోంవర్క్‌కి ముందు పదినిమిషాలు పెట్టుకోండి. హోంవర్క్ అయ్యాక ఎవరికీ ఓపిక ఉండదు.