మండె కట్టిన గింజల వెచ్చదనం: కణ శ్వాసక్రియను ఇంట్లోనే కొలిచే పద్ధతి

వరి నారు పోసే రైతు విత్తనాన్ని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, నీరు వార్చి, గోనె సంచిలో మూట కట్టి, పైన గడ్డి కప్పి మరో రోజు ఉంచుతాడు. దీనిని మండె కట్టడం అంటారు. మర్నాడు ఆ సంచిలో చెయ్యి పెడితే గింజలు బయటి గాలి కంటే వెచ్చగా తగులుతాయి. గింజలో నిల్వ ఉన్న పిండిపదార్థం విచ్ఛిన్నమై శక్తి విడుదలవుతున్నప్పుడు, మొలక వాడుకోలేని భాగం వేడిగా బయటికి వస్తుంది. ఆ వెచ్చదనం అదే. ఈ చర్యకే కణ శ్వాసక్రియ అని పేరు. పదో తరగతి పిల్లలు దీన్ని ఒక సమీకరణంగా కంఠస్థం చేస్తుంటారు. రెండు థర్మాస్ ఫ్లాస్కులు, కొన్ని పెసలు ఉంటే దీన్ని కళ్లారా చూసి, అంకెల్లో రాసుకోవచ్చు.

అర లీటరు ఫ్లాస్కులు రెండు, పెసలు 300 గ్రాములు, ప్రయోగశాలల్లో వాడే 0 నుంచి 110 డిగ్రీల ఉష్ణమాపకాలు రెండు, శుభ్రమైన దూది సిద్ధం చేసుకోవాలి. జ్వరం చూసే థర్మామీటరు ఈ పనికి రాదు. దానిలో కొలత 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, పైగా పాదరసంతో పనిచేసేదైతే పెరిగిన మట్టం విదిలిస్తే తప్ప కిందికి దిగదు. పెసలను రాత్రంతా నానబెట్టి, ఉదయం నీరు వార్చి, తడి గుడ్డలో మూట కట్టి ఉంచితే మరుసటి రోజుకు మొలకలు కనిపిస్తాయి. అప్పుడు వాటిని రెండు సమభాగాలు చేసి, ఒక భాగాన్ని పది నిమిషాలపాటు నీళ్లలో ఉడికించి, గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు పూర్తిగా చల్లార్చాలి.

చాలాచోట్ల ఉడికించిన గింజల ఫ్లాస్కును అనవసరమని వదిలేస్తుంటారు, లేదా దాని బదులు పొడి గింజలు పెడుతుంటారు. నా దృష్టిలో ఈ ప్రయోగానికి ప్రాణం ఆ ఫ్లాస్కే. పొడి గింజ బతికే ఉంటుంది, చాలా నెమ్మదిగా శ్వాసిస్తూనే ఉంటుంది. పైగా దానిలో తడి లేదు. ఉడికించిన మొలకలో తడి, పిండి అన్నీ మొదటి దానిలో ఉన్నట్లే ఉంటాయి, ప్రాణం ఒక్కటే ఉండదు. అందువల్ల రెండు ఫ్లాస్కుల మధ్య తేడా వస్తే దానికి కారణం బతికున్న కణాలేనని ధైర్యంగా చెప్పవచ్చు. అయితే ఉడికిన గింజల మీద బాక్టీరియా, బూజు త్వరగా పెరుగుతాయి. అవి కూడా శ్వాసించేవే కాబట్టి రెండో రోజుకల్లా ఆ ఫ్లాస్కు కూడా వేడెక్కి, చూసేవారిని తికమక పెడుతుంది. దీన్ని నివారించడానికి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీరు కలిపి, రెండు భాగాలనూ విడివిడిగా అయిదు నిమిషాలు అందులో ఉంచి, మంచినీటితో రెండు మూడుసార్లు కడగాలి. ఈ పనిని పెద్దలే చేయాలి. ఆ ద్రావణంలో ఇంకే శుభ్రపరిచే మందూ కలపకూడదు.

గింజలను ఫ్లాస్కుల్లో ముప్పాతిక వంతు నింపి, ఉష్ణమాపకం బుడ్డి వాటి నడుమ ఉండేలా దించి, మూతికి దూదిని బిగించాలి. ఫ్లాస్కు మూతను వాడకూడదు, ఎందుకంటే గింజలకు ఆక్సిజన్ అందుతూ ఉండాలి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనది కనుక ఫ్లాస్కులను తలకిందులుగా నిలబెడితే అది దూది గుండా కిందికి జారిపోతుంది. ఉష్ణమాపకం ఫ్లాస్కు బరువుకు విరగకుండా ఫ్లాస్కును స్టాండుకు గట్టిగా బిగించడం అవసరం. మొదటి కొలతలు రెండింటిలోనూ సమానంగా ఉన్నాయో లేదో చూసుకొని, ఒక రోజంతా నాలుగేసి గంటలకు ఒకసారి రెండు అంకెలనూ, గది ఉష్ణోగ్రతనూ పక్కపక్కన రాయాలి. మొలకల ఫ్లాస్కు కొన్ని డిగ్రీలు పైకి వెళుతుంది. ఉడికించినది గది ఉష్ణోగ్రతను అంటిపెట్టుకొని ఉంటుంది.

కార్బన్ డయాక్సైడ్‌ను చూపించడానికి సున్నపు తేట చాలు. తాంబూలంలో వేసుకునే సున్నాన్ని ఒక చెంచాడు గ్లాసెడు నీటిలో కలిపి, మూత పెట్టి, మర్నాడు పైన తేరిన నీటిని కదపకుండా వంచుకోవాలి. కాల్చిన పొడి సున్నపురాయి మీద నీళ్లు పోస్తే కుతకుతలాడి కళ్లలో చిందే ప్రమాదం ఉంది కాబట్టి తడి సున్నాన్నే వాడాలి. వెడల్పాటి సీసాలో మొలకలు వేసి, వాటి మీద ఒక చిన్న గిన్నెలో ఈ తేటను ఉంచి, సీసా మూత బిగిస్తే కొన్ని గంటల్లో తేట పాలలా తెల్లబడుతుంది. ఉడికించిన గింజలతో కూడా ఇలాగే మరో సీసా పెట్టి పోల్చాలి.

ఇప్పుడు ఆ గింజ లోపలికి వెళదాం. మొలకలోని ఎంజైములు పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా మారుస్తాయి. కణద్రవ్యంలో ఒక గ్లూకోజ్ అణువు రెండు పైరువిక్ ఆమ్ల అణువులుగా విడిపోతుంది. గ్లైకాలసిస్ అనే ఈ దశకు ఆక్సిజన్ అవసరం లేదు, దీనిలో మిగిలే లాభం రెండు ఏటీపీలు (కణం తన పనులకు ఖర్చు చేసుకునే శక్తిని మోసే అణువులు) మాత్రమే. పైరువిక్ ఆమ్లం కణంలో శక్తిని తయారుచేసే చిన్న భాగాలైన మైటోకాండ్రియాలోకి చేరి, హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించిన వలయంలో తిరుగుతూ కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. సున్నపు తేటను తెల్లబరిచింది ఇదే. ఈ దారిలో విడివడిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రోటీను నుంచి మరొక ప్రోటీనుకు అందుతూ చివరకు ఆక్సిజన్‌ను చేరతాయి, అక్కడ నీరు తయారవుతుంది. ఆ ప్రయాణంలో విడుదలైన శక్తితో ప్రోటాన్లు పొరకు ఒకవైపు పోగుపడతాయి. జలాశయం నుంచి దూకే నీరు టర్బైనును తిప్పినట్లు, వెనక్కి వచ్చే ప్రోటాన్లు ఒక ఎంజైమును తిప్పి ఏటీపీని తయారు చేయిస్తాయి. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన ఈ ప్రోటాన్ల సిద్ధాంతానికి 1978లో నోబెల్ బహుమతి లభించింది.

ఏటీపీ పేరు వచ్చినప్పుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ముందుకు సాగలేము. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ కొలతే వారిని 1927లో కండరాలలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌కు, 1929లో ఏటీపీకి చేర్చింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. మన పిల్లలకు ఈ పాఠం చెప్పే ప్రతి తరగతి గదిలో సుబ్బారావు పేరు వినిపించాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

ఒక మోల్ గ్లూకోజ్, అంటే 180 గ్రాములు, ఆక్సిజన్‌తో పూర్తిగా చర్య జరిపితే సుమారు 686 కిలోకెలోరీల శక్తి విడుదలవుతుంది. ఒక్కో గ్లూకోజ్ అణువుకు 38 ఏటీపీలు వస్తాయని పాత పుస్తకాలు రాశాయి. ఇప్పుడు 30 నుంచి 32 అని లెక్కిస్తున్నారు. ఒక మోల్ ఏటీపీలో సుమారు 7.3 కిలోకెలోరీలు వాడుకోదగిన శక్తి ఉందనుకుంటే, మొత్తంలో దాదాపు మూడో వంతు నిల్వ అయినట్లు, మిగిలింది వేడిగా పోయినట్లు లెక్క తేలుతుంది. ఫ్లాస్కులో పాదరసాన్ని పైకి నెట్టిన వేడిలో ఎక్కువ భాగం ఇదే. ఏటీపీని ఖర్చు చేసి మొలక తన పనులు చేసుకుంటున్నప్పుడు కూడా మరికొంత వేడి వెలువడుతుంది.

ఆక్సిజన్ అందకపోతే ఏమవుతుందో చూడాలంటే, నీటిని మరిగించి దానిలో కరిగిన గాలిని వెళ్లగొట్టి, గోరువెచ్చగా చల్లార్చి, చక్కెర, ఈస్ట్ కలిపి, పైన పలుచగా నూనె పోయాలి. సీసా మూతికి బెలూన్ తొడిగితే అది మెల్లగా ఉబ్బుతుంది, ద్రవం కల్లు వాసన వేస్తుంది. ఇక్కడ గ్లూకోజ్ ఆల్కహాల్ దగ్గరే ఆగిపోతుంది, ఈస్ట్‌కు దక్కేది రెండు ఏటీపీలే. మిగిలిన శక్తిలో చాలా భాగం ఆ ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది. ఈ సీసాకు బెలూన్ బదులు గట్టి మూత బిగిస్తే వాయువు ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది.

ప్రయోగంలో వాడిన మొలకలనూ ఉడికిన గింజలనూ తినకూడదు, పశువులకూ పెట్టకూడదు. వాటిని పెరట్లో పాతిపెట్టి, ఫ్లాస్కులను వేడినీటితో కడిగి ఆరబెట్టాలి.