పాత హెచ్‌ఎంటీ పైలట్ వాచీ కొనే ముందు

డబ్బు పంపకముందే ఇవి చూసుకోండి.

– అన్నిటికన్నా ముందు డయల్. దగ్గర నుంచి తీసిన ఫొటో అడగండి. నల్ల డయల్ మీద తెల్ల అంకెల అంచులు పదునుగా ఉండాలి. అక్షరాలు అలికినట్టు, నిమిషాల గీతలు ముళ్లకు సరిపోనట్టు ఉంటే అది మళ్లీ పెయింట్ వేసిన డయలే. నిగనిగలాడే పాత వాచీ కన్నా కాస్త మచ్చపడిన అసలు డయలే నాకు ఇష్టం.

– వెనక మూత తీయించి మెషీన్ చూడండి. 17 జ్యూవెల్స్ (లోపలి భాగాలు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) అని ఉండాలి, తుప్పు ఉండకూడదు.

– ఇది బ్యాటరీ వాచీ కాదు, రోజూ కీ ఇవ్వాలి. బిగిసిందనిపించగానే ఆపేయండి.

– సైజు చిన్నదే, సుమారు 35 మిల్లీమీటర్లు.

– సర్వీసింగ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతపడింది కాబట్టి, కీ వాచీలు బాగుచేసే మెకానిక్‌ను ముందే వెతికిపెట్టుకోండి.

– నీళ్లు తగలనివ్వకండి.