కందెనల ప్రయోగంలో అంకెలు కుదరడం లేదా? సమస్య - కారణం - పరిష్కారం

వంటనూనె, సబ్బునీళ్లు, వాసెలిన్, టాల్కం పౌడర్, తేనె, కొవ్వొత్తి మైనం. వీటిలో ఏది ఘర్షణను బాగా తగ్గిస్తుందో పోల్చి చూడటం సైన్స్ ఫెయిర్లలో పాత ప్రాజెక్టే. చూడ్డానికి తేలిక, చేయబోతే అంకెలు మాట వినవు. అంకె తేడాగా వచ్చిందంటే అందరూ నూనెనే అనుమానిస్తారు. ముందు అనుమానించాల్సింది అమరికను. అది కొలుస్తున్నది జారుడు ఘర్షణనేనా, ఇంకేదైనానా?

అమరిక మామూలుదే అనుకుందాం. ఒక పలక, దాని మీద ఒక దిమ్మె. దిమ్మెను స్ప్రింగ్ త్రాసుతో లాగుతారు, లేదా పలకను ఒకవైపు మెల్లగా ఎత్తుతూ అది ఏ కోణంలో జారుతుందో చూస్తారు.

సమస్య: ఏది రాసినా ఒకటే ఫలితం

దిమ్మెకు బదులు బొమ్మకారు వాడారేమో చూడండి. చక్రం జారదు, దొర్లుతుంది. దొర్లుడు ఘర్షణ ఎలాగూ తక్కువే. దారి మీద నూనె పూస్తే చక్రం పట్టు తప్పుతుందేమో గానీ కందెన గుణం బయటపడదు. కారే కావాలంటే పదార్థాన్ని ఇరుసుకు రాయాలి. లేదంటే కారు పక్కన పెట్టి దిమ్మె తీసుకోండి.

దిమ్మెతోనే చేసినా తేడా రాలేదా? త్రాసు సామర్థ్యం చూడండి. 200 గ్రాముల దిమ్మె బరువు దాదాపు 2 న్యూటన్లు. ఘర్షణ గుణకం (దిమ్మె బరువులో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే అంకె) 0.3 అనుకుంటే లాగడానికి 0.6 న్యూటన్ చాలు. ఒక్కో గీత ఒక న్యూటన్ చూపించే 50 న్యూటన్ల త్రాసు దీన్ని గుర్తుపట్టనైనా పట్టదు. 2.5 లేదా 5 న్యూటన్ల త్రాసు తెచ్చుకోండి. అది దొరక్కపోతే దిమ్మెకు దారం కట్టి, బల్ల అంచున కప్పీ మీదుగా ఒక కప్పు వేలాడదీసి, దిమ్మె కదిలేదాకా సిరంజితో నీళ్లు పోయండి. ఒక మిల్లీలీటరు నీరంటే ఒక గ్రాము. కప్పు బరువు కూడా కలుపుకోవాలి. ఖరీదైన త్రాసు కన్నా నాకు ఈ పద్ధతే ఇష్టం.

స్టాప్‌వాచ్‌తో జారే సమయం కొలిచేవాళ్లకు ఇంకో చిక్కుంది. అర మీటరు పొడవున్న వాలు, కోణం 30 డిగ్రీలు అనుకోండి. గుణకం 0.3 అయితే దిమ్మె దిగడానికి సుమారు 0.65 సెకన్లు, 0.2 అయితే 0.56. తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. బొత్తాం నొక్కడానికి మన చేతికే 0.2 సెకన్ల దాకా పడుతుంది. సమయం వదిలేసి కోణం కొలవండి. జారడం మొదలైన కోణం 20 డిగ్రీలైతే స్థైతిక ఘర్షణ (కదలకముందు దిమ్మెను పట్టి ఉంచే ఘర్షణ) గుణకం టాన్ 20, అంటే 0.36.

సమస్య: ఒకే పదార్థానికి లాగిన ప్రతిసారీ వేరే అంకె

త్రాసు ముల్లును దగ్గరగా గమనించండి. లాగుతుంటే మెల్లగా పెరుగుతుంది, దిమ్మె కదిలిన క్షణంలో టక్కున పడిపోతుంది, ఆ తర్వాత కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ శిఖరం స్థైతిక ఘర్షణ, తర్వాత నిలకడగా ఉన్నది జారుడు ఘర్షణ. ఒకసారి అదీ, ఇంకోసారి ఇదీ రాసుకుంటే అంకెలు కుదరవు. ముల్లు కనిపించేలా ఫోన్‌లో వీడియో తీసి, రెండింటినీ విడివిడిగా రాసుకోండి.

దారం పలకకు సమాంతరంగా ఉండాలి. పైకి లాగితే దిమ్మె బరువులో కొంత మీ చేతి మీదికి వచ్చేస్తుంది. త్రాసును అడ్డంగా పడుకోబెట్టినప్పుడు సున్నా మళ్లీ సరిచేసుకోవాలి, ఎందుకంటే నిలువుగా వేలాడినప్పుడు స్ప్రింగును లాగిన కొక్కెం బరువు ఇప్పుడు లాగదు.

పరిమాణాన్ని చుక్కల్లో లెక్కపెట్టకండి. తలతన్యత (ద్రవం ఉపరితలాన్ని బిగించి పట్టే బలం) తక్కువ కాబట్టి నూనె చుక్క నీటి చుక్క కన్నా చిన్నది. పది చుక్కలకు పది చుక్కలు సమానం కావు. సూది లేని సిరంజి వాడండి. దిమ్మె పెట్టాక లాగేముందు ఆగే సమయమూ ప్రతిసారీ ఒకటే ఉండాలి, ఎందుకంటే ఆలస్యమైతే చిక్కటి పదార్థం అడుగు నుంచి పక్కలకు వెళ్లిపోతుంది.

సమస్య: తేనె, వాసెలిన్ రాస్తే పొడి పలక కంటే గట్టిగా లాగాల్సి వస్తోంది

ఇక్కడే చాలామంది ఫలితం కొట్టేసి "వాసెలిన్ ఉత్తమం" అని రాసేస్తారు. కొట్టేయకండి, ఆ ఫలితం నిజమే.

పొడి ఘర్షణ బరువును బట్టి పెరుగుతుంది. మధ్యలో ద్రవం పొరలా నిలిచినప్పుడు లెక్క మారిపోతుంది. అప్పుడు లాగే బలం ద్రవం స్నిగ్ధత (చిక్కదనం), అడుగు వైశాల్యం, లాగే వేగం ఎక్కువైతే పెరుగుతుంది, పొర మందం పెరిగితే తగ్గుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. అడుగు 10 సెం.మీ. × 6 సెం.మీ., వేగం సెకనుకు 5 సెం.మీ., పొర మిల్లీమీటరులో పదో వంతు. స్నిగ్ధత 0.07 పాస్కల్ సెకన్లున్న వంటనూనెకు 0.2 న్యూటన్ వస్తుంది. తేనెకు 5 అనుకుంటే 15 న్యూటన్లు! అదే దిమ్మె పొడి పలక మీద 0.6 తోనే కదిలింది. తేలికైన దిమ్మె కింద చిక్కటి పదార్థం వేస్తే అది కందెన పని చేయదు, బ్రేకు పని చేస్తుంది. వాసెలిన్‌కు ఇంకో గుణం కూడా ఉంది. కొంత బలం దాటేదాకా అది అసలు ప్రవహించదు.

పరిష్కారం: దిమ్మె మీద బరువులు పెంచుతూ పొడిగా ఒకసారి, పదార్థంతో ఒకసారి లాగండి. పొడి పలక గీత బరువుతో పాటు నిటారుగా లేస్తుంది, నూనె గీత అంతగా లేవదు. ఒక్క అంకెతో విజేతను ప్రకటించడం కన్నా ఈ గ్రాఫ్ ఎన్నో రెట్లు నయం. బరువు, వేగం, స్నిగ్ధతలను బట్టి ఘర్షణ ఎలా మారుతుందో చూపే వక్రరేఖను, దాన్ని బేరింగుల మీద కొలిచి 1902లో ప్రచురించిన జర్మన్ ఇంజనీర్ రిచర్డ్ స్ట్రిబెక్ పేరుతో ఇప్పటికీ పిలుస్తారు.

సమస్య: నీళ్లు పోస్తే బిగుసుకుంది

వార్నిష్ లేని చెక్క నీళ్లు పీల్చి ఉబ్బి, పోగులు లేస్తాయి. గాజు మీద గాజు అయితే పల్చటి నీటి పొర రెండింటినీ అతికిస్తుంది. వార్నిష్ వేసిన చెక్క గానీ లోహం గానీ వాడండి. సబ్బునీళ్లు ఆరకముందే లాగేయండి, ఆరితే జిగురవుతాయి.

సమస్య: పౌడర్ మొదట బాగా పనిచేసి తర్వాత చతికిలబడింది

దిమ్మె ముందు అంచు దగ్గర చూస్తే తెల్లటి గట్టు కనిపిస్తుంది. పొడి అంతా అక్కడికి తోసుకుపోయింది. ప్రతి లాగుడుకూ కొత్తగా చల్లాలి. డబ్బా మీద పదార్థాల జాబితా కూడా చదవండి. టాల్క్ ఖనిజానికి పొరలు పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారతాయి, కానీ కొన్ని పౌడర్లలో టాల్క్‌కు బదులు పిండిపదార్థం ఉంటుంది. పెన్సిల్ లెడ్ వాడేవాళ్లు మెత్తటి బి రకాలు తీసుకోండి. హెచ్ రకాల్లో బంకమట్టి పాలు ఎక్కువ.

సమస్య: చివర్లో అన్నీ జారుడుగానే తేలాయి

మొదట నూనెతో చేశారు కదూ? అది చెక్కలోకి ఇంకిపోయింది, ఎంత తుడిచినా పోదు. ముందు పొడి పలక, తర్వాత పొడులు, ఆపై నీళ్ల రకాలు, మైనం, నూనె, వాసెలిన్ చివరికి. వీలైతే పదార్థానికో దిమ్మె. అన్నీ అయ్యాక పలకను సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మొదటి పొడి కొలత మళ్లీ తీయండి. తొలి అంకె తిరిగి రాలేదంటే మధ్యలో వచ్చినవేవీ నమ్మలేం.

సమస్య: త్రాసు ఒక వరుస చెబుతోంది, వాలు మరో వరుస

వాలు మీద కోణం చెప్పేది కదలిక ఎప్పుడు మొదలవుతుందో, త్రాసులో నిలకడ అంకె చెప్పేది కదిలాక ఎంత లాగాలో. తేనె మీద దిమ్మె చిన్న వాలుకే నత్తనడకన దిగుతుంది, కానీ చప్పున లాగబోతే రాదు. వాసెలిన్ మీద తేలిక దిమ్మె చాలా కోణం దాకా కదలదు. ఈ రెండు రకాల అంకెల్నీ ఒకే పట్టికలో కలపకండి. ఒక్కో పట్టిక తల మీద దిమ్మె బరువు, అడుగు వైశాల్యం, లాగిన వేగం, గది ఉష్ణోగ్రత రాయండి. వేడెక్కితే నూనె పల్చబడుతుంది కాబట్టి మధ్యాహ్నం అంకెలు ఉదయం వాటితో కలవకపోవచ్చు.