పాత జర్మన్ చెక్కడాల్లో వాద్యాలు చేసేవాళ్లు: బొమ్మలో నీతిని చదవడం ఎలా

రకరకాల వృత్తులవాళ్లను చూపే రెండు పుస్తకాలు తీసుకోండి. 1568లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయిన యోస్ట్ అమ్మాన్ బొమ్మలు, 1698లో రెగెన్స్‌బుర్గ్‌లో వచ్చిన క్రిస్టోఫ్ వైగెల్ బొమ్మలు పక్కపక్కన పెట్టుకోండి. లూట్ (బోలు డొప్ప ఉన్న తీగ వాద్యం), ఆర్గన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాద్యం) చేసేవాళ్లు రెండింటిలోనూ ఉన్నారు. అమ్మాన్ బొమ్మ కింద కవి హాన్స్ జాక్స్ రాసిన 8 పాదాల్లో పనివాడు తన పనే చెప్పుకుంటాడు, నీతి తక్కువ. వైగెల్ దగ్గర పైన సూక్తి, కింద పద్యం. మాట పనిముట్టు నుంచి ఆత్మ మీదికి మళ్లుతుంది.

ముందు అచ్చు ఏదో తేల్చండి. అమ్మాన్‌ది చెక్క దిమ్మ. వైగెల్‌ది రాగిరేకు. గాడిలోని సిరా తడి కాగితానికి ఎక్కేలా రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు కాబట్టి బొమ్మ చుట్టూ రేకు అంచు దిగబడి ఉంటుంది. అంచులు కత్తిరించేసిన ప్రతి అయితే గీత చివర చూడండి. ఉలితో చెక్కిన రాగి గీత సాధారణంగా సూదిమొనలా సన్నబడి ఆగుతుంది.

తర్వాత చేతులు. చాలామంది పొరబడేది ఇక్కడే. చిత్రాన్ని రేకు మీదికి ఉన్నదున్నట్టు దించితే అచ్చులో కుడి ఎడమవుతుంది. కమాను (తీగలను రాపాడించే కర్ర) ఎడమ చేతిలో ఉండగానే అపసవ్యమని, పాపమని అర్థాలు తీయకండి. అక్షరాలు తిన్నగా ఉన్నాయన్నది బొమ్మ తిరగబడలేదనడానికి సాక్ష్యం కాదు, వాటిని కావాలనే తిప్పి చెక్కుతారు. చేతులను బట్టి బొమ్మ తిరగబడిందో లేదో తేల్చే ఈ పరీక్ష ఊదే వాద్యాలతో కుదరదు. ఏ చెయ్యి కింద ఉండాలన్న నియమం అప్పటికి స్థిరపడలేదు. తొలినాటి ఓబోలకు (ఊదే వాద్యం ఒకటి) ఇరు చేతివాటాల కోసం ఒక మీటను జంటగా పెట్టేవారు కూడా.

ఇక పద్యం. ఫ్రాక్టూర్ అనే పాత జర్మన్ అచ్చు లిపిలో పొడుగు 'ఎస్', 'ఎఫ్' కవలల్లా ఉంటాయి. 'ఎఫ్' అడ్డగీత నిలువుగీతను దాటి కుడివైపుకీ వస్తుంది, 'ఎస్'కి అలా రాదు. 'స్టిమ్మెన్' అన్న జర్మన్ క్రియ కనబడితే ఆగండి. శృతి చేయడమూ అదే, పొసగడమూ అదే. మన 'శృతి కలవడం' లాగే రెండు పనులు చేస్తుంది.

లూట్ డొప్పను ఒకటి రెండు మిల్లీమీటర్ల చెక్క పట్టీలు వంచి, మూస మీద అతికించి చేస్తారు. పద్యం తీగ బిగువును పట్టుకుంటే నీతి ఒకటి, బోలు డొప్పను పట్టుకుంటే వేరొకటి. తీగ తెగిన లూట్ చిత్రకారుడు హోల్బైన్ 1533 నాటి చిత్రంలో అపశృతికి గుర్తుగా చదువుతారు గానీ, పనిశాలలో అది మరమ్మతుకు వచ్చిన వాద్యమే కావచ్చు.

కాగితం మీద మూడు గళ్లు గీయండి: వస్తువు, దాన్ని పట్టుకున్న పద్యంలోని మాట, అర్థం. రెండో గడి ఖాళీగా ఉంటే మూడోది నింపకండి.